పలాస చేపల వరుస, టెక్కలి తీర్మానం

పలాస రైల్వే స్టేషను పక్కనున్న చేపల వరుసను ఎత్తివేసి, రైలు గేటుకు అవతల పెద్దరోడ్డు మీద కట్టబోయే కొత్త బజారుకు మార్చాలన్న తీర్మానం పోయిన నెల మొదటి సోమవారం ఉదయం పదకొండు గంటలకు టెక్కలిలో తాలూకా బోర్డు ముందుకు వచ్చింది. పన్నెండు కొట్టేలోపు ఆమోదం పొందింది. చర్చ జరగలేదు. తీరంలోని బెస్త ఊరికి వెళ్లి విచారించామనీ, అక్కడ ఎవరూ ఆక్షేపణ చెప్పలేదనీ గుమాస్తా సభకు విన్నవించాడు.

ఎవరూ ఆక్షేపణ చెప్పలేదన్న ఆ మాటే నన్ను బయలుదేరదీసింది. నేను మద్రాసులో నగరసభ సమావేశాలకు వెళ్లి రాసే విలేఖరిని. చాలా ఏళ్లుగా అదే పని. అక్కడ ఒక సందును రెండు గజాలు వెడల్పు చేయాలన్నా మూడు సమావేశాలు పడుతుంది. లేచినవారు కూర్చోరు, కూర్చున్నవారు ఊరుకోరు. బజారు మార్చడమంటే ఇంకా పెద్ద సంగతి. ఒకరి బేరం పోతుంది, మరొకరి స్థలానికి ధర వస్తుంది, రెండు పక్కలా మనుషులు మాట్లాడతారు. నగరంలో అయినా, రైలు వచ్చాక పెరుగుతున్న చిన్న ఊళ్లో అయినా ఇందులో తేడా ఉండదని నా అనుభవం. మా పత్రికకు టెక్కలి నుంచి వచ్చిన నాలుగు పంక్తుల వార్త చదివి, బజారు పోతుంటే నోరెత్తని ఊరు ఎలా ఉంటుందో చూసి రావాలనిపించింది. సంపాదకుడు వారం రోజులు సెలవిచ్చాడు. ఖర్చు సగం పత్రికది, సగం నాది.

మద్రాసులో రాత్రి మెయిలు ఎక్కితే మర్నాడు సాయంత్రానికి వాల్తేరు. అక్కడ బండి మారాలి. భోజనానికి, స్నానానికి వ్యవధి ఉంటుంది. రాత్రి బండి పట్టుకుంటే తెల్లవారుజామున పలాసలో దింపుతుంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటాక ఎడమ వైపు కొండలు కనబడతాయంటారు, చీకట్లో నాకు కనబడలేదు. పలాస స్టేషనులో వేడినీళ్లు దొరకవు, మంచి కాఫీ దొరకదు. ఎదుట ఒక పూటకూళ్లమ్మ ఇడ్లీ వేస్తుంది, అణా ఇస్తే కడుపు నిండుతుంది.

స్టేషను గుమ్మం దాటగానే ఎడమ చేతి వైపు ఉన్నదే చేపల వరుస. పందిరి లేదు, గోడ లేదు. తాటాకు గొడుగులు నేలలో గుచ్చి, వాటి నీడలో గంపలు దించుకుని ఆడవాళ్లు కూర్చుంటారు. వరుస వెనుక నుంచి, తీరం వెంట తోటల సీమ అయిన ఉద్దానం కొబ్బరి బండ్లు, పనసకాయల బండ్లు స్టేషను ఆవరణలోకి వస్తాయి. వరుస ముందు నుంచి ప్రయాణికులు వెళతారు. ఈమధ్య టెక్కలి నుంచి ఒక మోటారు బస్సు కూడా వచ్చి ఇక్కడే తిరుగుతోంది. బస్సు తిరిగేటప్పుడు ఎద్దులు బెదురుతాయి, గొడుగులు పక్కకు వంచాలి, పోర్టరు అరుస్తాడు. రోడ్డు వెడల్పు చేయాలని బోర్డుకు ఎందుకు తోచిందో అక్కడ కొంతసేపు నిలబడితే తెలుస్తుంది. దాన్ని తప్పు పట్టడానికి లేదు.

వరుసలో మొదటి గొడుగు ఎర్రమ్మది. నలభై దాటిన మనిషి, గుమాస్తా విచారించి వచ్చిన ఆ బెస్త ఊరిదే. భర్త రంగూను రేవులో పని చేస్తాడు, రెండేళ్లకోసారి వస్తాడు. ఆ ఊరి మగవాళ్లలో చాలామంది అలాగే ఓడ ఎక్కినవాళ్లు. నేను గంపల ముందు ఆగి చూస్తుంటే ఆమే పలకరించింది.

“ఏటి బాబూ, కొంతావా, సూత్తావా?”

చూస్తున్నానన్నాను.

“సూడ్డానికి డబ్బులక్కర్నేదు. ఆ కొమ్మందుకుని ఈగలు తోల్తా సూడు.”

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను కొమ్మ అందుకున్నాను. పత్రిక నుంచి వచ్చానని చెప్పాను.

“పేపరోడివా? మరైతే నా కానాగంతలు మంచివని రాయి. ఆ సివర కూకున్న రాములమ్మవి నిన్నటివని రాయి.”

“నీ నోట్లో మన్నుపడ, నావి నీకన్నా ముందే ఒడ్డుకొచ్చినాయే,” అంది చివర నుంచి రాములమ్మ.

తీర్మానం సంగతి అడిగాను. ఎర్రమ్మ నవ్వు ఆపింది. చేపల మీద తడిగుడ్డ సర్దుతూ తమ బేరం సంగతి వివరించింది. ముందు రోజు సాయంత్రం తెప్పల మీద వచ్చిన చేపను తెల్లవారకముందే గంపకెత్తి ఎనిమిది మైళ్లకు పైగా నడిచి వస్తారు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే ఉదయపు పాసింజరు ఇక్కడ ఇంజనుకు నీళ్లు పట్టేదాకా ఆగుతుంది. ఆ వ్యవధిలో దిగినవాళ్లు కొంటారు, కిటికీల్లోంచి ఒరియా వాళ్లు బేరమాడతారు, పెద్ద చేప నౌపడా దాకా పోయే వ్యాపారి బుట్టలోకి పోతుంది. బండి కదిలాక మిగిలింది ఊళ్లోవాళ్లకు సగం ధరకు.

“మైలు దూరం నడిసి గేటవతలకి నా సేప కోసం ఎవుడొత్తాడు బాబూ? బండి నిలబడినంతసేపూ గేటేసే ఉంతాది. నాను ఇవతలుంతాను, బజారు అవతలుంతాది, సేప నెత్తి మీద కుళ్లిపోతాది. మా అత్త ఈ గొడుగు కాడే కూకున్నాది. నా కోడలొత్తే కూకోడానికి సోటుండాల గదా.”

“మరి మీ ఊరికి గుమాస్తా వచ్చి అడిగినప్పుడు ఎవరూ కాదనలేదట?”

ఆమె నా వైపు వింతగా చూసింది. “ఎవులు సెప్పినారా మాట? మా ఊరు ఊరంతా కాదన్నాది. నా కళ్లతో సూసినాను.”

“ఎవరు కాదన్నారు?”

“అందరూ.”

“ఏమని?”

“ఏమనడమేటి? కాదన్నారు.”

గుమాస్తా ఒక మాట చెపుతున్నాడు, ఈమె ఇంకొకటి. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతూ ఉండాలని నా వృత్తి నాకు నేర్పింది. ఎవరో ఊహించడం నా పని కాదు కాబట్టి ఊరికి వెళ్లి కనుక్కోవాలనుకున్నాను. ఇంతలో పాసింజరు వచ్చింది. అది ఆగి ఉన్నంతసేపు నాతో ఎవరూ మాట్లాడలేదు. ఎర్రమ్మ తెలుగులో ధర చెప్పి, ఒరియాలో తగ్గించి, మళ్లీ తెలుగులో తిట్టింది. బండి వెళ్లేసరికి గంప అడుగు కనబడింది.

తీరానికి బస్సు లేదు. కొబ్బరికాయలు దించి తిరుగు ప్రయాణమయ్యే ఉద్దానం బండ్లు స్టేషను దగ్గర దొరుకుతాయి. తోటల రైతు దాలయ్య తన బండిలో ఒడ్డు దాకా తీసుకువెళ్లి, రాత్రికి తన ఇంట్లో పడుకోనిచ్చి, మర్నాడు స్టేషనుకు చేర్చడానికి రూపాయి పావలాకు ఒప్పుకున్నాడు. ఎర్రమ్మనూ మరో ఇద్దరినీ ఖాళీ గంపలతో వెనకాల ఎక్కనిచ్చాడు. అది రోజూ జరిగేదేనట. ఎద్దులు నడక మొదలుపెట్టగానే మాటలు మొదలయ్యాయి.

“నీ వరుస లెగిసిపోతే నా ఎద్దులు సుకంగా తిరుగుతాయి ఎర్రమ్మా.”

“నీ ఎద్దులు బాగానే తిరుగుతాయి బావా. తోలీవోడికే దారి తెల్దు.”

“సూసినావా బాబూ? నా బండెక్కి నన్నే అంతాది.”

దాలయ్యకు రోడ్డు కావాలి. దాచుకోకుండా చెప్పాడు. స్టేషను ఆవరణలో బండ్లు ఇరుక్కుంటే పార్సెలు బండి దాటిపోతుంది, కాయలు మరో రోజు ఎండలో పడి ఉంటాయి, దళారి ధర తగ్గిస్తాడు. ఉద్దానంలో ప్రతి రైతుకూ ఇదే బాధ అన్నాడు. ఎద్దులను అదిలించి, “రోడ్డెయ్యమను. వరుస తియ్యకుండా ఎయ్యడం ఎలగో మీ మద్రాసోళ్లకే తెలవాల,” అన్నాడు. నాకూ తెలియదని చెప్పాను.

దారి మొదట పొలాల మధ్య, తర్వాత తోటల్లో. ఉద్దానంలోకి అడుగుపెట్టిన సంగతి కళ్లకంటే ముందు ఒంటికి తెలుస్తుంది. ఎండ ఆగిపోతుంది. కొబ్బరి కింద జీడిమామిడి, దాని పక్కన పనస, నేలంతా మెత్తటి ఇసుక. చక్రాలు దిగబడతాయి కాబట్టి బండి నెమ్మదిస్తుంది. స్టేషను నుంచి ఒడ్డుకు నాలుగు గంటలు పట్టింది. దారిలో దాలయ్య తన తోటలో ఆపి బొండాలు కొట్టాడు. డబ్బు ఇవ్వబోతే, “బాడుగిత్తన్నావు గదా, మళ్లీ ఇదేటి,” అన్నాడు.

ఊరి పేరు రాయవద్దని కులపెద్ద పోలయ్య మొదటే అడిగాడు. ఈ సంగతి తేలేదాకా పేపరులో ఊరి పేరు పడితే ఎవరికో కోపం వస్తుందని ఆయన భయం. నేను ఒప్పుకున్నాను. పోలయ్యకు అరవై ఉంటాయి. ఒడ్డుకు లాగిన తెప్ప మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు, మాట మాత్రం మర్యాదగా ఉంది. ఆయన ఇంట్లో చోడి అంబలి, అదే రాగి అంబలి, దానితో నెత్తళ్ల వేపుడు పెట్టారు. దూర ప్రయాణం చేసినవాడికి అంబలి మంచిది, వద్దనకండి.

తిన్నాక నా ప్రశ్న అడిగాను. గుమాస్తా వచ్చాడా? వచ్చాడు. కాగితం చదివాడా? చదివాడు. ఆక్షేపణ చెప్పారా? “సెప్పినాం బాబూ. గట్టిగా సెప్పినాం.” ఎవరు చెప్పారు? “ఊరు.” ఎర్రమ్మ దగ్గర ఆగినచోటే మళ్లీ ఆగాను.

జవాబు సాయంత్రం దొరికింది, అదీ నేను అడగకుండానే. పెద్దవలను మర్నాడు దక్షిణంగా తీసుకువెళ్లాలా వద్దా అన్న విషయం మీద ఊరు కూడింది. తెప్పల పక్కన ఇసుకలో మగవాళ్లు గుంపుగా కూర్చున్నారు. ఆడవాళ్లు వెనకాల, గంపలు చంకన పెట్టుకుని నిలబడ్డారు. పోలయ్య ఎదుట నిలబడి రెండు మాటల్లో విషయం చెప్పాడు: దక్షిణాన కవళ్ల చేప గుంపులు కనబడ్డాయట, రేపు అటు పోదామని తన ఆలోచన. తర్వాత ఊరుకున్నాడు. నలుగురైదుగురు లేచి ఆయన పక్కన నిలబడ్డారు. మిగతావాళ్లు కదలలేదు. ఒకడు ఇసుకలో గీతలు గీస్తున్నాడు, ఒకడు సముద్రం చూస్తున్నాడు. పోలయ్య కూర్చున్నవాళ్లను ఒకసారి కలయజూసి, “సరే, ఒద్దు,” అన్నాడు. అందరూ దులుపుకుని ఇళ్లకు వెళ్లారు. ఎవరూ ఎవరికీ ఎదురు చెప్పలేదు, అయినా కులపెద్ద ప్రతిపాదన వీగిపోయింది.

నేను పోలయ్య వెనకాల నడిచాను. “లేస్తే ఒప్పుకున్నట్టా?”

“మరేటి.”

“కూర్చుంటే?”

“కాదన్నట్టు. ఇంతమందిలో లెగిసి, పెద్దోడి మొకం మీద కాదంతే రేపు ఎలగ బాబూ? పొద్దున్న లెగిస్తే ఆడూ నానూ ఒకే తాడు లాగాల. మాటంతే మనసులో ఉండిపోద్ది. కూకుంతే ఉండదు.”

“గుమాస్తా వచ్చినప్పుడు?”

“ఒక్కడు లెగనేదు,” అన్నాడు పోలయ్య. గొంతులో గర్వం వినబడింది. “మా నాన్న కాలం నుంచీ సూత్తన్నాను, ఊరు ఊరంతా అలగ కూకున్నది అదొక్కసారే.”

“ఆక్షేపణ ఉన్నవాళ్లు లేచి చెప్పండి అని ఆయన అడిగాడు కదా?”

“అడిగినాడు. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగినాడు. లెగండి లెగండి అంతాడు. మాయ సేసి లేపుతన్నాడు, లెగిసినామంతే సంతకమెట్టించీసుకుంతాడని, మరింత గట్టిగా కూకున్నాం. మా తమ్ముడికి కాలు తిమ్మిరెక్కిపోనాది. అయినా కదల్నేదు.”

ఆ రోజు గుమాస్తాకు బొండాలు కొట్టి ఇచ్చి, ఊరి చివరి దాకా సాగనంపామని చెప్పాడు. కాదన్నాక మర్యాద తక్కువ చేయకూడదు గదా అన్నాడు. తర్వాత చాలా రోజులు ఊరు నిశ్చింతగా ఉంది. పోయిన నెలలో పలాసలో దండోరా వేసి వరుస ఖాళీ చేయవలసి వస్తుందని చెప్పినప్పుడు, బోర్డువాళ్లు ఊరి మాట లెక్కచేయలేదని వీళ్లు అనుకున్నారు.

మర్నాడు దాలయ్య బండి మీద పలాస చేరుకుని, పాసింజరు ఎక్కి నౌపడాలో దిగాను. మూడో తరగతి టిక్కెట్టు రెండు అణాలు. నౌపడాలో పర్లాకిమిడి పోయే చిన్న రైలు ఉంటుంది, మొదటి స్టేషనే టెక్కలి. పెట్టెలు తక్కువ, వేగం తక్కువ, గాలి మాత్రం బాగా వస్తుంది. వరిపొలాల మధ్య నుంచి వెళుతుంటే గట్టు మీద నడిచే మనిషి కొంత దూరం మనతో సమానంగా వచ్చాడు. టెక్కలిలో బోర్డు ఆఫీసు స్టేషనుకు నడక దూరమే.

విచారణకు వెళ్లిన గుమాస్తా సన్యాసిరావుకు ముప్ఫై లోపు వయసు. నన్ను కూర్చోబెట్టి, తనకు తెచ్చుకున్న తాంబూలంలో సగం పెట్టాడు. దాచవలసిన సంగతి ఉన్నవాడిలా కనబడలేదు.

“నాలుగూళ్లు తిరిగానండి ఆ వారం, ఒక్కో ఊరికి ఒక్కో పని మీద,” అన్నాడు. “ఒక ఊళ్లో తిట్టారు. ఒక ఊళ్లో నా గొడుగు లాక్కున్నారు. ఆ ఊరికి వెళ్తే ఎంత నెమ్మదండి వాళ్లు. మూడుసార్లు అడిగాను, ఎవరైనా ఉంటే లేవండి, భయపడకండి, రాసుకుంటానని. ఒక్కరు లేవలేదు. పైగా బొండాలిచ్చారు. ఇంటికొచ్చి మా ఆవిడతో కూడా చెప్పాను, మనుషులంటే అలా ఉండాలని.”

ఒడ్డున నేను చూసినది చూసినట్టు చెప్పాను. ఆయన తాంబూలం నమలడం ఆపాడు.

“అంటే ఊరంతా కలిసి నా మొహం మీదే కాదన్నారన్నమాట,” అన్నాడు. “నేను నవ్వుకుంటూ వచ్చేశాను.”

ఇప్పుడేమైనా చేయడానికి ఉందా అని అడిగాను. తనకు ఆ అధికారం లేదన్నాడు. కానీ సభ పద్ధతి ఒకటి చెప్పాడు. పోయిన సభలో జరిగినది వచ్చే సభలో మొదట చదువుతారు. చదివాక అధ్యక్షుడు, దీనిపై ఎవరికైనా ఆక్షేపణ ఉందా, ఉంటే లేచి చెప్పండి అని అడుగుతాడు. వరండాలో ఉన్న జనానికీ ఆ అవకాశం ఉంది, ఎవరూ వాడుకోరు. ఎవరైనా చెప్పుకుంటే మళ్లీ విచారణకు పంపాలా అన్నది సభ్యులు తేలుస్తారు. చెప్పుకోకపోతే తీర్మానం ఖాయమై కలెక్టరు ఆఫీసుకు పోతుంది. ఆ తర్వాత టెక్కలిలో చేయగలిగినది లేదు. సభ ఎప్పుడు? వచ్చే సోమవారం, పదకొండు గంటలకు.

“లేచి చెప్పాలండి,” అని గుమ్మం దాకా వచ్చి మళ్లీ గుర్తుచేశాడు సన్యాసిరావు. “కూర్చుంటే నేను ఈసారీ అదే రాయాలి.”

మర్నాడు ఉదయం పలాస వరుసలో ఎర్రమ్మకు ఇదంతా చెప్పాను. వార్త చెప్పడం నా పని, అంతకుమించి చేయలేదు. ఆమె వింటూనే రెండు బేరాలు పూర్తి చేసింది. చివరికి, “మా మగోళ్లు లెగరు,” అంది. “నువ్వెన్ని సెప్పు. ఆలకి లెగడమంతే ఒప్పుకోడమే. అక్కడికెళ్లినా కూకునే వొత్తారు.”

“పోలయ్యకు చెప్పి చూడు.”

“సెప్తాను. రేపటికుండు బాబూ, తెలుత్తాది.”

ఉన్నాను. ఆ రోజు ఊరికే కూర్చోలేక సుమ్మాదేవి దాకా రైల్లో వెళ్లి వచ్చాను. మందస దారిలో చిన్న స్టేషను, చుట్టూ పొలాలు, దూరంగా కొండలు. ప్లాట్‌ఫారం మీద నేనూ ఒక మేకా తప్ప ఎవరూ లేరు. తీరిక ఉన్నవారు వెళ్లవచ్చు, తిండి మాత్రం వెంట తీసుకెళ్లాలి.

మరుసటి ఉదయం వరుసలో గంపలతో పాటు పోలయ్య కూడా కనబడ్డాడు. ఒడ్డు నుంచి ఆడవాళ్లతో నడిచి వచ్చాడట. ఎర్రమ్మ గొడుగు పక్కన చేతులు వెనక్కి పెట్టుకుని, కొనబోయే ఎద్దును చూసినట్టు ఆ చోటును చూస్తున్నాడు. ముందు రోజు సాయంత్రం ఊరు కూడిందని ఎర్రమ్మ చెప్పింది. టెక్కలి వెళ్లి లేచి కాదని చెప్పాలి, ఎవరు వస్తారని పోలయ్య అడిగాడు. మగవాళ్లు ఎవరూ లేవలేదు. పోలయ్య కూడా ఇసుకలో కూలబడ్డాడు.

“అప్పుడు నాను ఎనకాల్నుంచి అడిగినాను,” అంది. “ఓ పెద్దా, మేం లెగాలేటి, కూకోవాలేటి అని. మమ్మల్ని ఎప్పుడైనా కూకోమన్నారేటి ఊరు కూడితే? పుట్టిన కాడ్నుంచీ ఎనకాల నిలబడే ఉన్నాం. మేం నిలబడితే ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. మరింకేటి అడ్డం? ఆ టెక్కలోళ్లకి నిలబడినోళ్లే గదా కావాల. మేం నిలబడతాం, నోరు మాకెలాగూ ఉన్నాది.”

“ఉన్నాది, ఉన్నాది,” అన్నాడు పోలయ్య అటు తిరిగే.

“ఏమన్నారు మగవాళ్లు?” అని అడిగాను.

“ఏటంతారు? ఒకడి ఎనక ఒకడు లెగిసినారు. సివరికి పెద్ద కూడా.”

ఒక చిక్కు మిగిలింది. టెక్కలి చేరాలంటే ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే ఆ పాసింజరే ఎక్కాలి. ఆ పాసింజరే వీళ్ల బేరం. బండి ఎక్కితే చేప అమ్మేవాళ్లు ఉండరు, వరుస ఒక్క రోజు ఖాళీగా కనబడినా, చూశారా వీళ్లకే అక్కర్లేదు అనేవాళ్లు ఉన్నారు. పోలయ్య వచ్చింది అందుకే. సోమవారం మగవాళ్లు గంపలు తెచ్చి వరుసలో కూర్చుంటారు. దాలయ్య, రోడ్డు కావాలన్న మనిషి, ఆ ఒక్క రోజుకు గంపలు తన బండిలో ఎత్తుకొస్తానన్నాడు. మగవాళ్లు చేపల గంప నెత్తిన పెట్టుకుంటే చూడలేకనట.

“సేప ధర సెప్పగలవేటి పెద్దా?” అంది ఎర్రమ్మ.

“ధర ఎలగొచ్చినా,” అన్నాడు పోలయ్య, “కూకోడం మాకొచ్చు.”

వరుసంతా నవ్వింది. రాములమ్మ నవ్వుతూనే పోలయ్యకు గొడుగు ఎటు వంచాలో చూపించింది.

తిరుగు బండిలో నేను ఆలోచించింది మద్రాసు సభ గురించి. అక్కడ లేవనివాడి మాట ఎవరూ రాసుకోరు. అన్నేళ్లుగా నేనూ రాసుకోలేదు. పోర్టరు అరుపు, ఎద్దుల బెదురు, ఇరుకు దారి అన్నీ నిజమే. రోడ్డు అవసరమే. సోమవారం బోర్డు ఏం చేస్తుందో నేను చెప్పలేను. మళ్లీ విచారణ వేయవచ్చు, వేయకపోవచ్చు. విచారణ వేసినా వరుస నిలుస్తుందని హామీ లేదు. మొదటిసారి అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చిందని, అది తప్పుగా అందిందని మాత్రం ఇప్పుడు రెండు వైపులా తెలుసు.

ఈ దారిన వెళ్లేవారికి ఒక సలహా. నౌపడాలో పాసింజరు దిగాక చిన్న రైలు మన కోసం ఆగదు, పెట్టెలూ కొన్నే. సామాను తగ్గించుకుని, దిగగానే నడవండి. ముఖ్యంగా ఈ సోమవారం. ఆ రోజు పలాస నుంచి ఇరవై మందికి పైగా ఆడవాళ్లు అదే బండి ఎక్కుతున్నారు, చోటు దొరకకపోతే వాళ్లు నిలబడే వస్తారు. సభ పదకొండు గంటలకు.